ఇంట్లో పెద్దవాళ్ల మాటలు రికార్డు చేయడం ఎలా? ఎవరి గుట్టూ బయటపడకుండా

మా కడప జిల్లాలో ఎనభై దాటిన అవ్వాతాతలు మాట్లాడుకుంటుంటే పక్కన కూర్చుని వినాలనిపిస్తుంది. కరువు ఏళ్లలో గంజి కేంద్రాల దగ్గర నిలబడిన రోజులు, పెన్నకు నీళ్లొచ్చిన రాత్రి, చెనక్కాయలు ఒలుస్తూ వేసుకునే పొడుపు కథలు, చుట్టాల మీద విసుర్లు, అన్నీ ఆ మాటల్లోనే ఉంటాయి. ఎక్కడా రాసి ఉండవు. అందుకే, వాళ్లు ఉండగానే రికార్డు చేసి పెట్టుకోమని ఎవరు అడిగినా చెబుతాను. అయితే ఒక షరతు: మాట ఎవరిదో, రికార్డింగు మీద పెత్తనం కూడా వాళ్లదే. కింద చెప్పినదంతా ఆ షరతు తప్పకుండా పని చేసుకునే పద్ధతి.

మొదటి పని: అడగడం

అడగడమంటే "అవ్వా, రికార్డ్ చేస్తున్నా" అని చెప్పి ఫోన్ ముందు పెట్టేయడం కాదు. ఎందుకు చేస్తున్నారు, ఎవరెవరు వింటారు, ఎక్కడ దాస్తారు, ఈ మూడూ విడమరచి చెప్పాలి. ఫోన్‌లో పడిందంటే యూట్యూబ్‌లో వచ్చేస్తుందని చాలామంది పెద్దవాళ్ల భయం. అది ఉత్త భయమేమీ కాదు. మా అవ్వ మొదట అడిగింది కూడా అదే.

"ఏం అబ్బీ, ఇది ఎవురెవురు వింటారు?"

"నేను, అమ్మ, చిన్నాయన. అంతే అవ్వా."

"మీ చిన్నమ్మ మాత్రం వినగూడదు. ఆమె సంగతులు గూడా చెప్తా మల్ల."

ఎవరికి పంపకూడదో అక్కడే తేలిపోయింది. మీరు కూడా "ఎవరు వినకూడదు?" అని ప్రత్యేకంగా అడగండి. ఎవరు వినొచ్చో అడిగితే మొహమాటానికి అందరి పేర్లూ చెబుతారు. ఎవరు వినకూడదో అడిగితేనే మనసులో మాట వస్తుంది.

ఆ తర్వాత ఒక నిమిషం మాట్లాడించి, రికార్డు చేసి, వెంటనే వినిపించండి. విన్నాక వాళ్ల కళ్ల ముందే ఆ ఫైలు తుడిచేయండి. డిలీట్ అయినవి చాలా ఫోన్లలో ట్రాష్‌లో కొన్నాళ్లు ఉంటాయి కాబట్టి అక్కడ కూడా తీసేసి చూపించండి. చెరిపేయమంటే నిజంగా చెరిపేస్తారని నమ్మకం కుదిరాక మాట దానంతటదే వస్తుంది.

ఒకసారి ఒప్పుకున్నారు కదా అని అదే ఎప్పటికీ చెల్లదు. కూర్చున్న ప్రతిసారీ అడగండి. రికార్డింగు మొదట్లోనే తేదీ, అక్కడున్నవాళ్ల పేర్లు, వాళ్లు "సరే" అన్న మాట పడేలా చూడండి. మతిమరుపు ఉన్న పెద్దవాళ్ల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నిన్న సరే అన్న సంగతి ఈ రోజు వాళ్లకు గుర్తుండకపోవచ్చు. విసుక్కుంటున్నా, ఫోన్ వైపు అనుమానంగా చూస్తున్నా ఆపేయండి. పిల్లల మాటలైతే వాళ్ల అమ్మానాన్నలను, పిల్లలను కూడా అడగాలి.

ఫోన్ జేబులో దాచి రికార్డు చేస్తే మాటలు సహజంగా వస్తాయని కొందరంటారు. వద్దు. తర్వాత తెలిసిందంటే ఆ మనిషి మీ ముందు మళ్లీ మనసు విప్పరు.

ఫోన్ సిద్ధం చేసుకోవడం

ఫోన్‌తో వచ్చిన వాయిస్ రికార్డర్ చాలు. కొత్త యాప్ వేసుకుంటే అది మైక్‌తో పాటు కాంటాక్టులు, లొకేషన్ కూడా అడుగుతుందేమో చూడండి. మాట రికార్డు చేయడానికి కాంటాక్టులతో పనేమీ లేదు. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మంచి కథ మధ్యలో కాల్ వచ్చి రికార్డింగు ఆగిపోతుంది. శబ్దాన్ని కుదించకుండా దాచే వేవ్ (WAV) ఫైలైతే గంటకు 300 ఎంబీ దాటుతుంది. కుదించి దాచే ఎం4ఏ (M4A) ఫైలు, 128 కేబీపీఎస్ నాణ్యతతో అయితే 60 ఎంబీ లోపే అవుతుంది, ఇంటి అవసరానికి అది చాలు. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా మాత్రం రికార్డు చేయకండి. అది శబ్దాన్ని బాగా కుదించేస్తుంది. పైగా వేలు జారితే వేరేవాళ్లకు వెళ్లిపోతుంది.

చోటు, వేళ

మా వైపు ఇళ్లలో పెద్ద ఇబ్బంది ప్రతిధ్వని. కింద కడప బండలు, చుట్టూ ఉత్త గోడలు ఉన్న గదిలో ప్రతి మాటా మోగుతుంది. కింద బొంత పరిచి, ఫోన్‌ను మడిచిన తువ్వాలు మీద పెట్టండి. పాత మట్టి మిద్దె ఇంకా ఉంటే అక్కడే కూర్చోండి, అంత చక్కటి స్టూడియో దొరకదు. మనిషికి, ఫోన్‌కు మధ్య మూర దూరం చాలు.

ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్ ఆపి ముసలివాళ్లను కూర్చోబెట్టడం పాపం. తెల్లవారుజామున, ఎండ రాకముందు, అరుగు మీద కూర్చుంటే ఫ్యాన్ అవసరం ఉండదు. సాయంత్రమైతే పక్కింటి టీవీ సీరియల్ కూడా మీ రికార్డింగులో పడుతుంది.

మధ్యలో ఎవరైనా వస్తే

అసలు చిక్కు ఇక్కడే. పల్లెలో తలుపులు వేసుకుని మాట్లాడుకోరు. ఒకరోజు అవ్వ పెళ్లినాటి సంగతులు చెబుతుంటే పొరుగింటామె చాట పట్టుకుని వచ్చింది. కూర్చుంటూనే కూతురి అత్తవారింటి గొడవ మొదలుపెట్టింది. ఎంత అప్పు తెచ్చారో, ఎవరు కొట్టారో అన్నీ చెప్పుకుంటూ పోయింది. ఫోన్ అక్కడే బొంత మీద ఉంది, స్క్రీన్ మీద సెకన్లు నడుస్తున్నాయి. ఆమెకు తెలియదు. నేను ఫోన్ చేతిలోకి తీసుకుని, "పెద్దమ్మా, ఇది రికార్డు అవుతా ఉంది, ఆపేస్తున్నా" అన్నాను. ఆమె చాట పక్కన పెట్టి, "నేను చెప్పిందంతా దాంట్లో పడిందా?" అంది. పడిందని చెప్పి, ఆ భాగం ఆమె ముందే కత్తిరించాను.

అవ్వ ఒప్పుకుంటే పొరుగింటామె కూడా ఒప్పుకున్నట్టు కాదు. గదిలోకి ఎవరు అడుగుపెట్టినా ముందు చెప్పేయాలి. ఫోన్ అందరికీ కనిపించే చోట ఉండాలి. ఎవరైనా సొంత గొడవ, జబ్బు, అప్పు, పిల్లల పెళ్లి సంబంధాల మాట ఎత్తితే ఆపేయాలి. ఆధార్ నంబరు, బ్యాంకు ఓటీపీ పైకి చదివినా అంతే. తర్వాత కత్తిరిద్దాంలే అనుకుంటే మరిచిపోతాం.

అక్కడ లేనివాళ్ల గురించి చెప్పే మాటలు ఇంకో రకం. అవ్వ తన తోడికోడలి గురించి చెప్పింది అవ్వ జీవితమే, తీసేయమనలేం. కానీ ఆ తోడికోడలి మనవళ్లు కూడా ఆ ఊళ్లోనే ఉన్నారు. అలాంటి ఫైళ్లను నేను వేరే ఫోల్డరులో పెడతాను, ఎవరికీ పంపను.

అదే రోజు వినండి

రాత్రికల్లా ఒకసారి విని, తీసేయాల్సినవి తీసేసి, ఫైలుకు పేరు పెట్టండి. పేరులో తేదీ, విషయం ఉంటే చాలు, మనిషి పూర్తి పేరు, ఊరు వద్దు. తర్వాత చెప్పినవాళ్లకు వినిపించండి. తమ గొంతు తాము వింటూ "ఆ మాట తీసెయ్" అంటారు. బేరాలాడకుండా తీసేయండి.

దాచడం, పంపడం

చాలా ఫోన్లలో క్లౌడ్ బ్యాకప్, అంటే ఫైళ్లు ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్లకు (కంప్యూటర్లకు) కాపీ కావడం, దానంతటదే జరుగుతుంటుంది. రికార్డింగుల ఫోల్డరు కూడా అందులో ఉందేమో సెట్టింగుల్లో చూసి, అవసరం లేకపోతే ఆ బ్యాకప్ నుంచి తీసేయండి. ఒక కాపీ ఫోన్‌లో తాళం వేసిన ఫోల్డరులో, ఇంకోటి పెన్ డ్రైవ్‌లో ఉంచండి. ఫోన్ అమ్మేటప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ చేయకుండా ఇవ్వకండి. ఫ్యామిలీ గ్రూపులో పెట్టారంటే ఇక అది మీ చేతిలో లేనట్టే. తాము పోయాక ఎవరికి ఇవ్వాలో కూడా ఇప్పుడే అడగండి. అడగడానికి నోరు రాదు, నిజమే. అయినా అడగాలి.

మాటను అక్షరాల్లోకి మార్చే యాప్‌లలో చాలావరకు మీ ఫైలును వాళ్ల సర్వర్‌కు పంపుతాయి. పైగా మా సీమ యాసను తప్పుగా రాసేవే ఎక్కువ. పొడుపు కథల్లాంటి గుట్టు లేని ముక్కలకు వాడండి. మిగతావి విని చేత్తో రాసుకోండి.

చట్టం సంగతి

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం తేల్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సొంత, ఇంటి అవసరాలకు చేసుకునే పనులకు వర్తించదు. చానెల్లో పెట్టి అందరికీ వినిపిస్తే అది ఇంటి అవసరం అనిపించుకోదు.

ఫోన్ కాల్స్ విషయం వేరు. భార్య తన వాళ్లతో మాట్లాడుకునే ఫోన్ మాటలను ఆమెకు తెలియకుండా భర్త రికార్డు చేయడం గోప్యతకు భంగమని ఒక కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. భార్యాభర్తలు ఒకరికొకరు తెలియకుండా చేసిన రికార్డింగును విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు తీసుకుంటుంది కదా అని ఇంట్లో అందరి మాటలూ దాచిపెట్టి పట్టుకోవడం సరైన పని అయిపోదు. ఐఫోన్‌లోనూ గూగుల్ ఫోన్ యాప్‌లోనూ కాల్ రికార్డింగు మొదలవగానే అవతలివాళ్లకు ఆ సంగతి వినిపిస్తుంది. అది రాని ఫోన్ అయితే మీరే నోటితో చెప్పండి.

మనం నొక్కకుండానే వినేవి

ఇంట్లో స్మార్ట్ స్పీకర్ (పేరు పెట్టి పిలిస్తే బదులిచ్చే స్పీకర్) ఉంటే, పిలిచినప్పుడు అన్న మాటలు, ఒక్కోసారి పిలవకుండానే పొరపాటున పట్టుకున్నవి కూడా, కంపెనీ సర్వర్‌కు వెళతాయి. అలాంటి క్లిప్పులను కంపెనీల మనుషులు విన్నారని 2019లో బయటపడింది. ఆ స్పీకర్ యాప్‌లో వాయిస్ హిస్టరీ తెరిచి పాతవి తుడిచేయండి. చుట్టాలు వచ్చినప్పుడు మైక్ బటన్ ఆపేయండి. ఆండ్రాయిడ్ 12 నుంచి స్క్రీన్ పైన పచ్చ గుర్తు, ఐఫోన్‌లో నారింజ చుక్క కనిపిస్తే ఏదో యాప్ మైక్ వాడుతున్నట్టు. మీరు ఏమీ నొక్కకుండా అది వెలిగితే సెట్టింగుల్లో చూసి, ఆ యాప్‌కు మైక్ అనుమతి తీసేయండి.

గొంతు నమూనా కొంచెం దొరికినా ఆ గొంతుతో ఏ మాటైనా పలికించే సాధనాలు వచ్చేశాయి. మనవడి గొంతుతో "అవ్వా, ఆస్పత్రిలో ఉన్నా, అర్జెంటుగా డబ్బులు పంపు" అని కాల్ వస్తే పెట్టేసి, మనవడి నంబరుకు తామే చేయాలని పెద్దవాళ్లకు చెప్పి ఉంచండి. ఇంట్లోవాళ్లకే తెలిసిన ఒక గుర్తు మాట పెట్టుకుంటే ఇంకా మంచిది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.