గిద్దలు, గేట్లు, ఒక ఫోను: పిల్లల చేత భిన్నాల వీడియోలు చేయించే పద్ధతి

గోదావరి డెల్టాలో నాలుగో తరగతికి వచ్చిన పిల్లలకు అర, పావు, ముప్పావు కొత్త మాటలు కావు. అరెకరం చేను, పావుకిలో బెల్లం, ముప్పావు గంట ప్రయాణం గురించి ఇంట్లో పెద్దలు మాట్లాడుకోవడం వారు రోజూ వింటూనే ఉంటారు. పావు అన్న ప్రతిసారీ దేనిలో పావు అని అడగాలన్న సంగతే వారికి ఇంకా అలవడి ఉండదు. అందుచేత ఫోటోలు, మాటల రికార్డింగు, వీడియో కలిపి చేయించే ఏ ప్రాజెక్టులోనైనా మొదటి చిత్రం పూర్తి వస్తువుదే కావాలని, అది తీయనిదే రెండో చిత్రం జోలికి పోకూడదని ముందే నియమం పెట్టండి.

నలుగురు పిల్లలకు ఒక ఫోను సరిపోతుంది. ఒకరు వస్తువులు కదుపుతారు, ఒకరు ఫోటో తీస్తారు, ఒకరు భిన్నాల చీటీలు రాస్తారు, ఒకరు వివరిస్తారు. మరునాడు పనులు మార్చుకోవాలి; లేకపోతే గలగలా మాట్లాడే పిల్లవాడే చివరిదాకా మాట్లాడతాడు. చేతులు, వస్తువులు కనిపిస్తే చాలు, ముఖాలు అక్కరలేదు.

తొలి పనికి కొబ్బరికాయ మంచిది. కాయ కొట్టి, రెండు చిప్పలనూ పక్కపక్కన పెట్టి పైనుంచి ఫోటో తీయించి, ఇవి సగాలేనా అని అడగండి. ముక్కలు రెండు కాబట్టి సగాలే అనే పిల్లలు ఎక్కువమంది ఉంటారు. అప్పుడు ఒక్కొక్క చిప్పను వంటింటి త్రాసు మీద పెట్టించి, అంకెలు కనిపించేలా మరో రెండు ఫోటోలు తీయిస్తే, భాగాలు సమానమైతేనే వాటిని సగాలు అనాలన్న షరతు వారి నోటి నుంచే వస్తుంది. ఆ మాటను వెంటనే రికార్డు చేయించండి.

అసలు ప్రాజెక్టు బియ్యం కొలిచే గిద్ద, సోల వంటి కొలపాత్రలతో చేయాలి. సోలకు నాలుగు గిద్దలు, తవ్వకు రెండు సోలలు, మానికకు రెండు తవ్వలు. అంటే ఒకే గిద్ద సోలలో 1/4, తవ్వలో 1/8, మానికలో 1/16 అవుతుంది. గిద్ద మారలేదు, పూర్తి మారింది కాబట్టి భిన్నం మారింది. దీన్ని చూపడానికి గోడలు నిటారుగా ఉన్న పారదర్శకమైన సీసా కావాలి. అడుగు సన్నగా ఉండే గాజు గ్లాసు పనికిరాదు, ఎందుకంటే అందులో ఎత్తు సమానంగా ఉన్నా పట్టే బియ్యం సమానంగా ఉండదు. సోలెడు బియ్యం సీసాలో పోసి, అడుగు నుంచి ఆ మట్టం దాకా వచ్చే పొడవున రెండు కాగితపు పట్టీలు కత్తిరించి, ఒకదాన్ని మడతలతో నాలుగు భాగాలుగా, రెండోదాన్ని ఎనిమిది భాగాలుగా చేసి సీసాకు అటొకటి ఇటొకటి అతికించండి. బియ్యం తీసేసి, ఫోనును పుస్తకాల దొంతరకు ఆనించి టేపుతో కదలకుండా బిగించండి. ఇక గిద్ద తరవాత గిద్ద పోస్తూ, ప్రతిసారీ పోసే ముందు, పోస్తుండగా, మట్టం సర్దిన తరవాత మూడేసి ఫోటోలు తీయించండి. రెండు గిద్దలు పడేసరికి మట్టం ఎడమ పట్టీలో 2/4 దగ్గర, కుడి పట్టీలో 4/8 దగ్గర ఆగుతుంది. సమాన భిన్నాలంటే ఏమిటో అక్కడ ఆపి చెప్పించండి. ఫోటోలను వరుసగా కూర్చి, పిల్లల మాటలు జోడిస్తే వీడియో తయారవుతుంది. నిమిషం నిడివి చాలు. సంగీతానికి, మెరుపులకు సమయం ఇవ్వకండి. పిల్లలు అడుగుతారు, అయినా ఇవ్వకండి.

నాలుగు మూడు కన్నా పెద్దది కాబట్టి 1/4 కూడా 1/3 కన్నా పెద్దదనే పొరపాటుకు, ఒకే పొడవున్న రెండు పట్టీలను మడిచి పక్కపక్కన ఫోటో తీయించడమే మందు.

ఐదో తరగతి వారికి ధవళేశ్వరం దగ్గరి కాటన్ బ్యారేజీని ఇవ్వవచ్చు. దాని 175 గేట్లలో ధవళేశ్వరం ఆర్మ్‌లో (అంటే ఆ నదిపాయ మీది భాగంలో) 70, ర్యాలిలో 43, మద్దూరులో 23, విజ్జేశ్వరంలో 39 ఉన్నాయి. గళ్ల కాగితం మీద గేటుకొక గడి చొప్పున నాలుగు రంగులు వేయించి, ఒక్కొక్క రంగును ఫోటో తీయించి స్లైడులుగా పేర్పించండి. 70/175 లవహారాలను 35తో భాగిస్తే 2/5 వస్తుంది. 43/175 అలా తెగదు. అయితే 175లో పావు 43.75 కాబట్టి ర్యాలి వాటా దాదాపు పావు అని పిల్లలు అంచనా వేయగలగాలి. నా దృష్టిలో ఈ అంచనా కచ్చితమైన సూక్ష్మీకరణ కన్నా విలువైనది.

మార్కులు వేసేటప్పుడు బొమ్మ అందాన్ని పక్కన పెట్టి, కళ్లు మూసుకుని రికార్డింగు వినండి. పూర్తి ఏదో చెప్పారా, భాగాలు సమానమని ఎలా తెలిసిందో చెప్పారా, హారం దేన్ని లెక్కిస్తుందో, లవం దేన్ని లెక్కిస్తుందో విడదీసి చెప్పారా అని చూడండి. ఏదైనా తప్పిపోతే వీడియో మొత్తం మళ్లీ చేయించనక్కరలేదు; అవే ఫోటోల మీద మాటలు మాత్రం కొత్తగా రికార్డు చేయించండి.