షో టికెట్టును లామినేషన్ చేయించొద్దు: ఒక జిరాక్సు షాపు వాడి సలహాలు

మాది అనంతపురంలో జిరాక్సు షాపు. పోయిన నెల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లోడు ఒకడు బెంగళూరులో ఏదో బ్యాండు షో చూసొచ్చి, టికెట్టు కౌంటరు మీద పెట్టి "అన్నా, దీన్ని లామినేషన్ చేసీ" అన్నాడు. నేను ఆ కాగితాన్ని గబుక్కున లాక్కున్నాను. వాడు బెదిరిపోయినాడు. ఎందుకు లాక్కున్నానో వాడికి చెప్పిందే, కొంచెం పొడిగించి, ఇక్కడ రాస్తున్నాను.

ముందు గోటితో గీకి చూడండి. టికెట్టు మూలన, అక్షరాలు లేని చోట, గట్టిగా ఒత్తి ఒకే ఒక్క గీత. నల్ల గీత పడిందంటే అది థర్మల్ కాగితం. ఏటీఎం చీటీ, ఆర్టీసీ బస్సులో టిమ్ము మిషన్ టికెట్టు, అన్నీ ఆ జాతే. దాంట్లో సిరా అనేదే ఉండదు. కాగితానికి పూసిన మందు వేడి తగిలిన చోట నల్లబడుతుంది, అంతే. లామినేషన్ మిషన్ వేడి వంద డిగ్రీలకు పైనే. కాబట్టి దాంట్లో దూరిన థర్మల్ టికెట్టు ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

నేను ఊహించుకోలేదు. షాపు పెట్టిన కొత్తలో మా రూమ్మేటు తన టికెట్టు తెచ్చిస్తే, ఇది మన షాపులో మొదటి ఫ్రీ పని అని గొప్పగా చెప్పి నా చేత్తోనే మిషన్లో పెట్టినాను. ఇటు తెల్లగా పోయింది, అటు తారురోడ్డు ముక్క మాదిరి బయటికొచ్చింది. వాడు తిట్టలేదు. "పోనీలే మామా, మెటల్ బ్యాండు కదా, నల్లగానే ఉండాల" అన్నాడు. మెటల్ అంటే చెవులు పగిలే రాక్ సంగీతం, దాని అభిమానులకు నలుపంటే ప్రాణం. తిట్టుంటే బాగుండేది.

మరి ఏం చేయాలంటే, చూసొచ్చిన వారంలోపల టికెట్టును కలర్ స్కాన్ చేయించండి, 600 డీపీఐకి (అంటే అంగుళానికి 600 చుక్కలు) తగ్గకుండా. దాంతోపాటు ఒక మామూలు జిరాక్సు తీయించండి. జిరాక్సు టోనరు కాగితానికి అతుక్కొని ఏళ్ల తరబడి ఉంటుంది, అసలు టికెట్టే ముందు వెలిసిపోతుంది. అసలుదాన్ని తెల్లకాగితంతో చేసిన కవరులో పెట్టండి. మెత్తటి ప్లాస్టిక్ ఫోల్డర్లు వద్దు, వాటిలోని రసాయనాలకు థర్మల్ అక్షరాలు పాలిపోతాయి. మా ఊరి మే నెల సంగతి తెలిసిందే, నలభై దాటకుండా ఉండదు, కాబట్టి కిటికీ పక్క అలమరా, ఫ్రిజ్ మీద, బండి డిక్కీ, ఇవి కూడా పనికిరావు. తారీఖు, ఊరు పెన్సిలుతో కవరు మీద రాయండి, టికెట్టు మీద కాదు. బ్యాండు బొమ్మున్న టీషర్టును తిరగేసి ఉతకండి, బొమ్మ మీద ఇస్త్రీ పెట్టొద్దు. ఫోన్ వీడియోల్లో పాట బొయ్యిమని పగిలిపోయి ఉంటుంది, అయినా తుడిపేయొద్దు. దాంట్లో విలువైంది పాట కాదు, పక్కన మీవాళ్లు అరిచిన అరుపులు.

కాగితం సంగతి ఇంతే. ఇంతకంటే ముందు చెడిపోయేది మన బుర్ర.

నేను ఐరన్ మెయిడెన్ అనే ఇంగ్లండు మెటల్ బ్యాండును రెండుసార్లు చూసినాను, రెండూ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లోనే. ఒకటి 2007 మార్చి 17, శనివారం. ఆ బ్యాండు మన దేశంలో వాయించిన మొట్టమొదటి షో అది. రెండోది 2009 ఫిబ్రవరి 15, ఆదివారం. పదేళ్లు గడిచేసరికి రెండూ కలిసి నా తలలో ఒకే షో అయిపోయినాయి. సంగటిలో బియ్యం, రాగిపిండి మాదిరి. అప్పుడు కూర్చొని విడదీసినాను. ఆ పద్ధతి చెప్తాను.

మొదట ఫోను పక్కన పడేయండి. యూట్యూబులో ఆ షో వీడియో ఒక్కటి చూసినారంటే పని అయిపోయినట్టే. ఎవరో ముందు వరసలో నిలబడి తీసింది మీరే చూసినట్టు తలలో కూర్చుంటుంది. మీరు నిలబడింది వెనకాల, పొడుగాటోడి భుజం సందులోంచి కదా చూసింది? ఆ భుజాన్నే రాయండి. కాళ్ల నుంచి మొదలుపెట్టండి: ఏం చెప్పులేసుకున్నారు, నీళ్ల బాటిల్ గేటు దగ్గర లాక్కున్నారా, ఆకలికి ఏం తిన్నారు. పాటల గురించి చివర్లో రాయొచ్చు. మా జేజి కట్టిచ్చిన చెనిక్కాయల పొట్లాన్ని గేటు దగ్గర సెక్యూరిటీ అతను విప్పి, వాసన చూసి, ఒక పిడికెడు తీసుకొని మిగతాది తిరిగిచ్చినాడు. ఇది రాసిన తర్వాతే గేటు, దాని వెనక ఎర్రమట్టి, అక్కడినుంచి స్టేజీ, ఒకదాని వెంట ఒకటి వచ్చినాయి.

తర్వాత ప్రతి ముక్కనూ ఏదో ఒక గూటానికి కట్టేయండి. గూటం అంటే, తారీఖు మారని విషయం. మీ దోవలోనే దొరుకుతాయి. మేము పోయింది ఆర్టీసీ బస్సులో. పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్లాపురం, దేవనహళ్లి, హెబ్బాళ్ దాటినాక మేఖ్రీ సర్కిల్ దగ్గర దిగితే ప్యాలెస్ గ్రౌండ్స్ పక్కనే. అనంతపురమోళ్లకు ఇది పెద్ద అదృష్టం, మెజెస్టిక్ బస్టాండు దాకా పోయి వెనక్కి రానక్కర్లేదు. ఆ బస్సు కిటికీలోంచి తల పైనే విమానం దిగడం చూసి మా రూమ్మేటు "అది వాళ్లదే అయింటాది మామా" అన్నది నాకు బాగా గుర్తు. 2008, 2009 టూర్లలో ఆ బ్యాండు బోయింగ్ 757 విమానంలో తిరిగింది, నడిపింది ఎవరో కాదు, పాడే బ్రూస్ డికిన్సనే. అందుకే ఆ మాట. ఈ ముచ్చటను నేను ఏళ్ల తరబడి మొదటి షోకు కలిపి చెప్పుకున్నాను. కానీ దేవనహళ్లి విమానాశ్రయం తెరిచింది 2008 మే నెలలో. 2007లో ఆ దోవలో ప్రయాణికుల విమానం నెత్తి మీదికి దిగే పనే లేదు. కాబట్టి ఆ ముక్క రెండోసారిది.

మొదటిదానికి గూటం క్రికెట్టు. షో అయ్యి, చెవులు గుయ్యిమంటుంటే, హెబ్బాళ్ దగ్గర హైదరాబాదు బస్సు ఒకటి ఆపి ఎక్కినాం. సీట్లు లేవు. కండక్టరు మా నల్ల టీషర్టుల మీద పుర్రె బొమ్మను చూసి ఏమీ అడగలేదు, "నూటా తొంభై ఒకటికే ఆలౌటంట" అన్నాడు, అదేదో మా తప్పయినట్టు. తెల్లారుజామున అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర టీ బండి చుట్టూ చావింటి మాదిరి జనం. ప్రపంచకప్‌లో ఇండియా బంగ్లాదేశ్ చేతిలో ఓడిపోయిన రాత్రి అది, 2007 మార్చి 17. దాన్నెవరూ కదిలించలేరు. ఆ టీ బండిని తగులుకొని ఉన్నవన్నీ ఆ షోవే. మీకూ ఏదో ఒకటి ఉంటుంది: పరీక్ష, పెళ్లి, ఎన్నికలు, వాన.

ఇప్పుడు స్నేహితుల్ని అడగండి. అందరినీ ఒకేచోట అడగొద్దు, ఇది ముఖ్యం. వాట్సాప్ గ్రూపులో అడిగితే ముందు నోరు తెరిచినోడి కథే మిగతా నలుగురి జ్ఞాపకం అయిపోతుంది. విడివిడిగా, ఒక్కొక్కరికి, ఒకటే ప్రశ్న వాయిస్ మెసేజ్ పెట్టండి: "లైట్లు ఆరిపోయినాక ఏం జరిగింది?" బాగుందా అని అడగొద్దు, బాగుంది అనే చెప్తారు. నేను మా రూమ్మేటును అడిగితే వాడు ఇట్ల పంపినాడు: "చీకటి పడింది కదప్పా, మైకులో ఎవరో ముసిలాయన ఇంగ్లీషులో మాట్లాడ్తా ఉంటే, పోలీసోళ్లు ఏదో ప్రకటన చేస్తాండారు, షో ఆపేస్తారేమో అనుకున్యా." నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చినాయి. ఆ ముసిలాయన చర్చిల్, యుద్ధం నాటి బ్రిటన్ ప్రధాని. 2009 టూరులో షో మొదలయ్యేది ఆయన 1940 నాటి యుద్ధం ఉపన్యాసం టేపుతోనే. అంటే వాడు చెప్పింది 2009. వేరే స్నేహితుడు "ముందు ఎవరో వయొలిన్ వాయించినారు" అన్నాడు. అది ఢిల్లీ బ్యాండు పరిక్రమ, 2007లో మెయిడెన్ కంటే ముందు వాయించినారు. వాడు మెయిన్ బ్యాండును మరిచిపోయి వయొలిన్‌ను గుర్తుపెట్టుకున్నాడు, ఏం చేద్దాం.

ఇదంతా రాసిన తర్వాతే ఇంటర్నెట్టు తెరిచి పాటల వరస, తారీఖులు సరిచూసుకోండి. తప్పు దొరికితే కొట్టేయొద్దు. నీలం పెన్నుతో మీరు రాసింది అట్లే ఉంచి, పక్కన ఎర్ర పెన్నుతో సరైంది రాయండి. నా కాగితాల్లో విమానం 2007లోనే దిగుతుంది, పక్కన ఎర్రగా "లేదు" అని ఉంది. నాకు ఆ రెండూ కావాలి.

రాసేటప్పుడు అద్భుతం, మైమరపు, ఒళ్లు పులకరించింది లాంటి మాటలు వచ్చినచోటల్లా ఆగండి. ఆ మాటలు ఏ షోకైనా సరిపోతాయి. శబ్దాన్ని మీకు తెలిసిన శబ్దంతో పోల్చండి. నాకు మెయిడెన్‌లో స్టీవ్ హారిస్ వాయించే బాస్ గిటార్ మొదటిసారి రొమ్ములో తగిలినప్పుడు గుర్తొచ్చింది ఇంకో రాక్ బ్యాండు కాదు, మా ఊరి పరసలో, అంటే జాతరలో, ఉరుము అనే డోలు వాయించే ఉరుములోళ్లు. చిన్నప్పుడు నాయన భుజం మీద కూర్చొని చూస్తుంటే, ఉరుము మీద పుల్లతో రుద్దినప్పుడు ఆ మోత చెవికంటే ముందు కడుపులో తెలిసేది. ప్యాలెస్ గ్రౌండ్స్‌లోనూ అట్లే, చెవి తర్వాత. ఇది రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది, మూడు రోజులూ "సూపర్" అని రాసి కొట్టేసినాను.

ఆ పిల్లోడి టికెట్టు గోటికి నల్లగా గీత పడింది. స్కాన్ చేసి, కాగితం కవరులో పెట్టి ఇచ్చినాను. ఒక పక్క ప్రింటు పడి పనికిరాని కాగితాలు నాలుగు ఇస్తే, స్టూలు మీద కూర్చొని ఫోను జేబులో పెట్టి రాయడం మొదలుపెట్టినాడు. తొంగి చూసినాను. "గేటు దగ్గర తోపులాటలో ఎడమకాలి చెప్పు తెగింది" అని ఉంది. ఇంకో నాలుగు కాగితాలు పక్కన పెట్టినాను. స్కాన్‌కు మాత్రం పది రూపాయలు తీసుకున్నాను.