పొద్దున్నే ఎన్‌బీఏ చూసేవాళ్లు కోచ్‌ని తూచడం ఎలా

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో, తూర్పు తీరంలో రాత్రి 7 గంటలకు మొదలయ్యే ఆట చలికాలంలో విజయనగరంలో ఉదయం 5:30కి పడుతుంది. పడమటి తీరంలో రాత్రి 7:30 ఆట అయితే మనకు తొమ్మిదింటికి. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారాలు మార్చుకున్నాక అన్నీ ఓ గంట ముందుకొస్తాయి. ఉద్యోగాలకో కాలేజీలకో వెళ్లాల్సిన మనం చాలాసార్లు చూసేది ఒక్క ఆఖరి క్వార్టరే, అదీ కుదరకపోతే బస్సులో ఫోన్ మీద స్కోరు. ఆ కాస్త చూసి "ఏట్రా ఈ కోచ్, టైమౌట్ అడగడేటి" అని, ఆటను కాసేపు ఆపే విరామం తీసుకోలేదని, తీర్పు చెప్పేస్తాం. కోచ్ చేసే పనిలో పెద్ద భాగం అప్పటికే అయిపోయి ఉంటుంది.

కరణం మల్లీశ్వరిది మన పక్క శ్రీకాకుళం జిల్లా. 2000లో సిడ్నీలో ఆమె రెండు లిఫ్టుల్లో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. అక్కడ బార్ మీద ఎంత బరువుందో స్టేడియం మొత్తానికీ కనిపిస్తుంది. బాస్కెట్‌బాల్ కోచ్ బంతిని ముట్టడు, షాట్ వేయడు, ఆటగాళ్లను కొనేది కూడా చాలాచోట్ల అతను కాదు, జనరల్ మేనేజర్. అందుకే గెలుపోటముల్లోంచి కోచ్ వాటాను మనమే విడదీసుకోవాలి.

అది ఎంత చిక్కో ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. 2023-24లో క్లీవ్‌ల్యాండ్‌ను 48-34తో (48 గెలుపులు, 34 ఓటములు) నడిపిన కోచ్ జేబీ బికర్‌స్టాఫ్‌ను తీసేశారు. కొత్త కోచ్ కెన్నీ అట్కిన్సన్ దాదాపు అవే ముఖ్యమైన ఆటగాళ్లతో 64-18 చేసి కోచ్ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు. ఇక్కడికి బికర్‌స్టాఫ్ పనికిరాడనిపిస్తుంది. అదే బికర్‌స్టాఫ్ డెట్రాయిట్‌కి వెళ్లి 14-68 జట్టును ఒక్క సీజన్లో 44-38కి తెచ్చాడు. ఆ 14-68 నాటి కోచ్ మాంటీ విలియమ్స్ 2022లో ఫీనిక్స్‌తో 64 గెలిచి కోచ్ ఆఫ్ ది ఇయర్ అయినవాడే. అయితే డెట్రాయిట్ ఆ వేసవిలో టోబియాస్ హారిస్, మాలిక్ బీస్లీ, టిమ్ హార్డవే జూనియర్ లాంటి షూటర్లను తెచ్చుకుంది. ఆ 30 విజయాల పెరుగుదలలో కోచ్‌ది ఎంత, వాళ్లది ఎంత? స్కోరుబోర్డు చెప్పదు.

ముందు కాగితం మీద అంచనా

సీజన్ అక్టోబర్ మూడో, నాలుగో వారంలో మొదలవుతుంది. చాలా ఏళ్లు మనకు సిరిమానోత్సవం అయిన కొద్ది రోజులకే. మొదటి ఆటకు ముందే మీ జట్టు ఎన్ని గెలవాలో ఒక అంకె రాసి తేదీ వేయండి. కింద మూడు ముక్కలు చేర్చండి: కొత్తగా ఎవరొచ్చారు, ఎవరు పోయారు, 30 ఏళ్లు దాటిన ముఖ్యులెవరు. ఇది రాయకపోతే ఫిబ్రవరిలో మీ అంచనా దానంతటదే మారిపోతుంది, మారిందని మీకే తెలియదు.

తర్వాత మూడుసార్లు తీరిగ్గా చూడండి. సంక్రాంతికి 82 ఆటల్లో దాదాపు 40 అయిపోతాయి, అదే మొదటి అసలు పరీక్ష. మహాశివరాత్రి నాటికి ట్రేడ్ల (జట్లు ఆటగాళ్లను మార్చుకునే) గడువు ముగిసి ఉంటుంది కాబట్టి జట్టు ఇక పెద్దగా మారదు. ఉగాదికి ప్లేఆఫ్స్ (సీజన్ చివర టైటిల్ కోసం ఆడే సిరీస్‌లు) రూపం కనిపిస్తుంది. కార్తీకమాసంలోనే తీర్పు చెప్పకండి. 2024-25లో రిక్ కార్లైల్ ఇండియానా జట్టు 10-15తో మొదలై, 50-32తో ముగించి, ఫైనల్స్‌లో ఏడో ఆట దాకా వెళ్లింది.

గెలుపు కంటే తేడా ముఖ్యం

ఎన్ని గెలిచారన్నదాని కంటే సగటున ఎన్ని పాయింట్ల తేడాతో అన్నది నమ్మదగ్గ లెక్క. ఆటకు సగటున ఒక పాయింటు ఆధిక్యం సీజన్ మొత్తంలో 41కి (82లో సగం) పైన సుమారు రెండున్నర విజయాలకు సమానం. సగటు తేడా +4 ఉన్న జట్టు 51, 52 గెలవాలి. 46 దగ్గరే ఆగితే దగ్గరి ఆటలు పోయాయన్నమాట. అప్పుడు కోచ్ ఆఖరి నిమిషాలను చూడాలి, కానీ అదృష్టాన్ని కూడా లెక్కేయాలి. ఆఖరి 5 నిమిషాల్లో తేడా 5 పాయింట్ల లోపు ఉండే సందర్భాలన్నీ కలిపినా సీజన్లో పోగయ్యే నిమిషాలు తక్కువ.

జట్లు వేర్వేరు వేగంతో ఆడతాయి కాబట్టి పాయింట్లను పొజెషన్ల (బంతి జట్టు చేతికి వచ్చిన ఒక్కో వంతు) లెక్కకు మార్చుకోండి. బాక్స్ స్కోరులోంచి (ఆట అంకెల పట్టిక): పడినా పడకపోయినా వేసిన షాట్లు, ఫ్రీ త్రోలలో (ఫౌల్‌కు ఇచ్చే ఉచిత షాట్లు) 0.44 వంతు, టర్నోవర్లు (బంతి పోగొట్టుకోవడాలు) కలిపి, అందులోంచి అఫెన్సివ్ రీబౌండ్లు (తమ షాట్ తప్పాక మళ్లీ తామే అందుకున్న బంతులు) తీసేయండి. 88 షాట్లు, 22 ఫ్రీ త్రోలు, 13 టర్నోవర్లు, 10 అఫెన్సివ్ రీబౌండ్లు అయితే 88 + 9.7 + 13 − 10, అంటే దాదాపు 101 పొజెషన్లు. ఆ ఆటలో 114 వేస్తే వంద పొజెషన్లకు 113. ప్రత్యర్థికీ ఇలాగే చేసి తీసివేస్తే నెట్ రేటింగ్. 20 పాయింట్ల తేడా పడి ఇరువైపులా ముఖ్యులను కూర్చోబెట్టేశాక వచ్చిన పాయింట్లు ఇందులో కలిస్తే లెక్క చెడుతుంది. వీలైతే ప్లే బై ప్లే (ఆటలో ఏది ఎప్పుడు జరిగిందో వరసగా రాసిన పట్టిక) చూసి ఆ నిమిషాలు తీసేయండి.

రొటేషన్: ఇక్కడే ఎక్కువసేపు ఆగండి

ఎవరు, ఎప్పుడు, ఎవరితో ఆడతారన్నది పూర్తిగా కోచ్ చేతిలోనిది. కోచ్‌ని పట్టుకోవాలంటే ఇదే అన్నిటికంటే మంచి చోటు, మనవాళ్లు అన్నిటికంటే తక్కువ చూసేదీ ఇదే.

ఆట అయ్యాక ఎన్‌బీఏ సైట్లో ప్లే బై ప్లే తెరిచి, ముఖ్యమైన ఇద్దరు ఆటగాళ్లు ఎప్పుడు లోపలున్నారో ఎప్పుడు కూర్చున్నారో రాయండి. నోటుబుక్కులో 48 నిమిషాలకు ఒక గీత, ఒక్కో ఆటగాడికి ఒక్కో రంగు. ఇప్పుడు ఇద్దరూ కలిసి బెంచి మీదున్న నిమిషాలు వెతకండి. ఎక్కువగా రెండో క్వార్టర్ మొదట్లో, నాలుగో క్వార్టర్ మొదట్లో కనిపిస్తాయి. ఆ నిమిషాల్లో స్కోరు తేడా ఎటు కదిలిందో పక్కన వేయండి. ఒక ఆటలో −7 పడితే ఏమీ కాదు. పది ఆటల్లో ఏడెనిమిదిసార్లు అదే చోట ఆధిక్యం కరిగిపోతుంటే, అయినా కోచ్ ఇద్దరిలో ఒకరిని లోపల ఉంచకపోతే, అది ఆటగాళ్ల తప్పు కాదు.

ఇదే గీతలో ఫౌల్స్ కూడా గుర్తు పెట్టండి. ఆరు ఫౌల్స్ పడితే ఆటగాడు బయటికి. మొదటి క్వార్టర్‌లో రెండు పడగానే చాలామంది కోచ్‌లు స్టార్‌ని హాఫ్ టైమ్ దాకా కూర్చోబెట్టేస్తారు. ఆరు పడతాయేమో అన్న భయంతో తొమ్మిది, పది నిమిషాలను చేతులారా వదులుకోవడమే ఇది. ఆట ముగిసేసరికి ఆ ఆటగాడికి మూడో నాలుగో ఫౌల్స్ మాత్రమే ఉంటే ఆ జాగ్రత్త ఖరీదెంతో లెక్క తేలిపోతుంది. సీజన్లో ఇలాంటివి ఎన్ని జరిగాయో వరసగా రాసి ఉంచుకోండి.

ఒక జాగ్రత్త: వరసగా రెండు రాత్రుళ్లు ఆటలున్నప్పుడు, ముఖ్యులు గాయాలతో లేనప్పుడు రొటేషన్ వింతగా కనిపిస్తుంది. ఆటకు ముందు గాయాల జాబితా చూడకుండా "ఫలానావాడిని ఎందుకు ఆడించలేదు" అని అరిస్తే మన పరువే పోతుంది.

టైమౌట్ల లెక్క

ఆటకు ఏడు టైమౌట్లు. నాలుగో క్వార్టర్‌లోకి నాలుగుకు మించి తీసుకెళ్లలేరు, ఆఖరి మూడు నిమిషాల్లో రెండే వాడగలరు. ఇంకో నిబంధన చాలామందికి తెలియదు. క్వార్టర్‌లో ఇంకా 6:59 మిగిలేసరికి ఎవరూ టైమౌట్ అడగకపోతే, ఆ తర్వాత ఆట ఆగగానే రెఫరీయే ఇచ్చేస్తాడు, అది సొంత గడ్డ జట్టు ఖాతాలో పడుతుంది. 2:59 దగ్గర రెండోది అవతలి జట్టు ఖాతాలో. గడియారం 7:20 చూపిస్తుండగా ప్రత్యర్థి వరసగా ఎనిమిది పాయింట్లు వేసినా కోచ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడంటే, ఎలాగూ వచ్చే విరామం కోసం ఆగుతున్నాడేమో చూడండి.

టైమౌట్ ఎప్పుడు అడిగాడన్నదానికన్నా అప్పుడు బోర్డు మీద ఏ ఎత్తు గీశాడన్నది ముఖ్యం. టైమౌట్ తర్వాత మొదటి పొజెషన్‌లో ఎన్ని పాయింట్లు వచ్చాయో రాసుకోండి. లీగ్‌లో మామూలు పొజెషన్‌కు ఒకటికి కాస్త పైన, ఇప్పుడు 1.1 దాటి వస్తుంది. యాభై, అరవై పొజెషన్లు పోగయ్యాక మీ సగటు అంతకంటే తక్కువుంటే, షాట్లు తెరుచుకున్నా పడలేదా, అసలు తెరుచుకోలేదా అన్నది వీడియోలో చూడాలి. మొదటిది దురదృష్టం, రెండోది కోచ్ బోర్డు మీద గీసిన గీత.

రెఫరీ నిర్ణయాన్ని మళ్లీ చూడమని అడిగే చాలెంజ్‌కి చేతిలో టైమౌట్ ఉండాలి. గెలిస్తే ఆ టైమౌట్ తిరిగొస్తుంది, 2023-24 నుంచి రెండో చాలెంజ్ కూడా దొరుకుతుంది. రెండోది గెలిచినా టైమౌట్ మాత్రం రాదు. ఎన్ని గెలిచాడన్న శాతం ఒక్కటే చూడకండి. స్టార్‌కి పడ్డ అయిదో ఫౌల్ రద్దు చేయించడం, సైడ్ లైన్ దగ్గర బంతి ఎవరిదో తేల్చుకోవడం ఒకటి కావు.

క్వార్టర్ చివర ఇంకో చిన్న పరీక్ష ఉంది. దాదాపు 32 సెకన్లు ఉండగా షాట్ వేస్తే, ప్రత్యర్థి షాట్‌కు ఉన్న గడువు 24 సెకన్లు మొత్తం వాడుకున్నా మనకు చివర అయిదారు సెకన్లతో ఇంకో షాట్ మిగులుతుంది. 40 సెకన్ల దగ్గర బంతి అందుకుని 20 దాకా తిప్పుతూ కూర్చునే జట్టుకు కోచ్ ఇది నేర్పలేదని అర్థం.

అదృష్టాన్ని తీసి పక్కన పెట్టండి

డిఫెన్స్ పాడైందని నవంబర్‌లో గొడవ మొదలైతే ముందు ప్రత్యర్థుల మూడు పాయింట్ల షాట్ల (త్రీల) శాతం చూడండి. ప్రత్యర్థికి ఎన్ని త్రీలు, ఎక్కడి నుంచి ఇచ్చామన్నది కోచ్ పథకం. వాటిలో ఎన్ని పడ్డాయన్నది కొద్ది వారాల్లో ఎక్కువగా అదృష్టమే. మూలల్లో మూడు పాయింట్ల గీత బుట్టకు 22 అడుగులు, పైన 23 అడుగుల 9 అంగుళాలు. అందుకే మూల త్రీలు వదిలేస్తే అది పథకంలో లోపం. ప్రత్యర్థి ఫ్రీ త్రోల శాతానికి కోచ్‌ని తిట్టడం మరీ అన్యాయం.

ఆఖరి రెండు నిమిషాల్లో తేడా మూడు పాయింట్లలోపుకు వచ్చిన ఆటలకు రెఫరీల నిర్ణయాల మీద ఎన్‌బీఏ మర్నాడు నివేదిక ఇస్తుంది. ఒక్క పాయింటుతో ఓడిన ఆట గురించి వాదించే ముందు అది చదవడం మంచిది.

ప్లేఆఫ్స్‌లో కొలత మారుతుంది

ఏడు ఆటల సిరీస్‌లో అదే ప్రత్యర్థి మళ్లీ మళ్లీ ఎదురవుతాడు. ఓడిన ఆటకీ తర్వాతి ఆటకీ మధ్య ఏం మారిందో చూడాలి: పిక్ అండ్ రోల్‌లో (సహచరుడు అడ్డు నిలిచి దారి చేసే ఎత్తు) సెంటర్, అంటే బుట్ట దగ్గర కాసే పొడవాటివాడు, వెనక్కి తగ్గుతున్నాడా, డిఫెండర్లు ఎవరిని కాయాలో మార్చుకుంటున్నారా, మొదటి అయిదుగురు వాళ్లేనా. 2015 ఫైనల్స్‌లో 1-2తో వెనకబడ్డ స్టీవ్ కెర్ నాలుగో ఆటకు ఆండ్రూ బోగట్‌ను తీసి ఆండ్రే ఇగ్వోడాలాను మొదటి అయిదుగురిలో పెట్టాడు. గోల్డెన్ స్టేట్ వరసగా మూడు గెలిచింది, ఇగ్వోడాలా ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. ఆ ఆలోచన నిక్ యురెన్ అనే సహాయకుడిది. చిన్న సహాయకుడి మాట విని ఫైనల్స్‌లో అమలు చేయడం కూడా కోచ్ పనే, ఆ మార్కు కెర్‌కే వేయాలి.

కోచ్‌ని మధ్యలో తీసేసినప్పుడు

యాజమాన్యం తీసేసిందంటే చేతకానివాడనే అనుకోనక్కర్లేదు. జార్జ్ కార్ల్ 2013లో డెన్వర్‌తో 57 గెలిచి కోచ్ ఆఫ్ ది ఇయర్ అయిన కొద్ది వారాలకే ఉద్యోగం పోయింది. 2018లో డ్వేన్ కేసీకి ఆ అవార్డు వచ్చేసరికే టొరంటో తీసేసింది. అటు ఓక్లహోమా సిటీ 22-50, 24-58 చేసిన మార్క్ డైగ్నాల్ట్‌ను ఉంచుకుంది. తర్వాతి మూడు సీజన్లు 40-42, 57-25, 68-14, ఆఖరిదానికి టైటిల్ కూడా. కుర్ర జట్టును కట్టుకునే దశలో గెలుపుల కన్నా అదే ఆటగాళ్లు ఏడాదికేడాది మెరుగవుతున్నారా అన్నదే చూడాలి.

కొత్త కోచ్ రాగానే జట్టు గెలవడం మొదలుపెడితే, పొగిడే ముందు మొదటి పది ఆటలకు మూడు విషయాలు సరిచూడండి: ఎన్ని సొంత గడ్డ మీద, గాయాల నుంచి ఎవరు తిరిగొచ్చారు, ప్రత్యర్థుల త్రీల శాతం ఎంత పడిపోయింది. 2025 ఏప్రిల్‌లో మూడు ఆటలు మిగిలుండగా డెన్వర్ మైఖేల్ మలోన్‌ను తీసేసింది. డేవిడ్ అడెల్మన్ ఆ మూడూ గెలిచాడు. మూడు ఆటలతో ఏ కోచ్ గురించీ ఏమీ తేలదు. అడెల్మన్‌ను తూచాలంటే తర్వాత క్లిప్పర్స్‌తో, ఓక్లహోమా సిటీతో ఏడేసి ఆటలు సాగిన రెండు సిరీస్‌లూ ముందేసుకుని, ఆ పద్నాలుగింటికీ రొటేషన్ గీతలు గీయాలి.