ఏసీ చల్లబడట్లేదా? మూత తీసే ముందు ఇవి చూసుకోండి

రిమోట్‌లో కూల్ మోడ్ ఉందో లేదో ముందు చూడండి. ఒక్కోసారి తేడా అక్కడే ఉంటుంది.

- రిమోట్‌తో ఆపితే చాలదు, ఎంసీబీ (ఏసీకి కరెంటు ఆపే బోర్డు స్విచ్) కూడా దించండి. తడి చేతులు వద్దు.
- బయటి యూనిట్ కవర్ మాత్రం విప్పకండి. కరెంటు తీసేశాక కూడా, కరెంటును నిల్వ ఉంచే భాగమైన కెపాసిటర్‌లో చార్జ్ నిలిచి ఉంటుంది, గట్టిగా షాక్ కొడుతుంది. ఎంత తెలిసినవాళ్లయినా సరే, అది మెకానిక్‌కే వదిలేయండి. యూనిట్ గోడ అంచున ఉంటే వంగి కూడా చూడొద్దు.
- లోపల చల్లబరిచే గొట్టాల చుట్ట, అంటే కాయిల్‌పై ఐస్ కడితే గీకకండి, దానంతటదే కరగనివ్వండి.
- లోపలి అల్యూమినియం రెక్కలు వేళ్లు కోస్తాయి, గ్లవ్స్ వేసుకోండి. కడిగిన ఫిల్టర్ పూర్తిగా ఆరాకే పెట్టండి.
- గ్యాస్ పైపుల నట్లు కదపొద్దు. ఏసీల్లో వాడే ఆర్32 గ్యాస్‌కు మండే గుణం ఉంది.
- తిరిగి ఆన్ చేశాక కంప్రెసర్ మొదలవడానికి 3 నిమిషాల దాకా పట్టొచ్చు, టెన్షన్ పడకండి.