ఎస్‌డీఆర్ పెడితే ప్రాసెసర్ ఉడికిపోతోందా? ముందు విండో మినిమైజ్ చేసి చూడండి

నాది పాత లాప్‌టాప్, రెండే కోర్లు. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (యూఎస్‌బీకి గుచ్చే చిన్న రేడియో రిసీవర్; మిగతా పని కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ చేస్తుంది, ఎస్‌డీఆర్ అంటే అదే) పెట్టి ఎఫ్ఎమ్ వింటుంటే ఫ్యాన్ హోరు ముందు పాట వినపడేది కాదు. వినపడినా ముక్కలు ముక్కలుగా వచ్చేది. ర్యామ్ చాలట్లేదేమో అనుకుని రెట్టింపు చేశాను. డబ్బు పోయింది, హోరు పోలేదు.

ఇప్పుడైతే ముందు చేసేది ఒకటే. స్టేషన్ మోగుతుండగా ఎస్‌డీఆర్ విండోను మినిమైజ్ చేసి టాస్క్ మేనేజర్ చూస్తాను. శాతం గభాల్న పడిపోయిందా, ప్రాసెసర్‌ని తినేది రేడియో కాదు, తెర మీద పారే వాటర్‌ఫాల్, అంటే సిగ్నళ్లను రంగుల్లో గీసే బొమ్మ. నాకు సగానికి సగం పడిపోయింది.

దానికి మందు ఎఫ్ఎఫ్‌టీ సైజు (ఆ బొమ్మని ఎన్ని సన్నటి గీతలుగా చీల్చాలన్న అంకె), ఫ్రేమ్ రేటు తగ్గించడం. నేను గొప్పకి 65536 పెట్టుకుని, సెకనుకి 60 ఫ్రేములు గీయించేవాణ్ణి. శాంపిల్ రేటు, అంటే డాంగిల్ సెకనుకి తీసే కొలతల సంఖ్య, 24 లక్షలైతే ఆ సైజుకి ఒక్కో గీత వెడల్పు సుమారు 37 హెర్ట్జ్. ఎఫ్ఎమ్ స్టేషన్ వెడల్పేమో దాదాపు 2 లక్షల హెర్ట్జ్! 8192 పెట్టినా గీత 293 హెర్ట్జే, ఎఫ్ఎమ్‌కి ఆ సన్నదనం ఎక్కువే. ఫ్రేములు 15 చాలు, కంటికి పెద్ద తేడా తెలియదు.

లినక్స్ వాడేవాళ్లు ఇంకోటి చూడాలి. టెర్మినల్లో గ్లెక్స్‌ఇన్ఫో (glxinfo) నడిపితే రెండరర్ అనే వరుసలో ఎల్ఎల్‌వీఎమ్‌పైప్ (llvmpipe) అని వస్తే, గ్రాఫిక్స్ చిప్ ఖాళీగా కూర్చుంది, దాని పని కూడా ప్రాసెసరే చేస్తోందని అర్థం. నా అసలు జబ్బు ఇదే, డ్రైవర్ సరిగ్గా ఎక్కలేదు. వర్చువల్ మెషీన్‌లో నడిపేవాళ్లకీ ఇదే తరచూ ఎదురవుతుంది.

మినిమైజ్ చేసినా తగ్గకపోతే శాంపిల్ రేటు మీద పడండి. ఈ డాంగిల్ ఒక్కో శాంపిల్‌కి రెండు బైట్లు పంపుతుంది. రేటు 24 లక్షలైతే సెకనుకి 48 లక్షల బైట్లు, అన్నీ లెక్కల్లోంచి వెళ్లాల్సిందే. ఒక్క స్టేషన్ వినడానికి అంత దేనికి? 10.24 లక్షలకి దించండి, ఇంకా బరువైతే 2.5 లక్షలు. మధ్యలో 3 నుంచి 9 లక్షల రేట్లను ఆ చిప్ తీసుకోదు. సాఫ్ట్‌వేర్‌లో డెసిమేషన్ (వచ్చిన శాంపిల్స్‌లో కొన్నే ఉంచి మిగతావి పారేయడం) కూడా మంచిదే గానీ, డేటా అప్పటికే యూఎస్‌బీ దాటి వచ్చేసి ఉంటుంది. కాబట్టి డాంగిల్ దగ్గరే తగ్గించగలిగినంత తగ్గించి, మిగతాది డెసిమేషన్‌కి వదలండి.

శాతం చదవడంలోనూ ఒక మోసం ఉంది. నాలుగు కోర్ల మెషీన్‌లో 25 శాతం చూపిస్తోందంటే, ఒక కోర్ పూర్తిగా నిండిపోయి మిగతా మూడూ ఊరికే ఉండొచ్చు. ఆడియో తెగడానికి అది చాలు. టాస్క్ మేనేజర్‌లో గ్రాఫ్‌ని కోర్ల వారీగా మార్చుకోండి. లినక్స్‌లో టాప్ తెరిచి 1 నొక్కితే సరి.

గ్నూ రేడియోలో (బ్లాకులు కలిపి రేడియో కట్టుకునే సాఫ్ట్‌వేర్) సొంతంగా ఫ్లోగ్రాఫ్, అంటే ఆ బ్లాకుల గొలుసు, కట్టేవాళ్లు లో-పాస్ ఫిల్టర్‌లో ట్రాన్సిషన్ విడ్త్ (ఫిల్టర్ వదిలే చోటుకీ ఆపే చోటుకీ మధ్య దూరం) చూసుకోండి. 24 లక్షల రేటు మీద దాన్ని 1 కిలోహెర్ట్జ్ చేస్తే హామింగ్ విండో అనే ఫిల్టర్ రకంతో సుమారు 5,800 ట్యాప్‌లు (ఒక్కో శాంపిల్‌కి చేయాల్సిన గుణకారాలు) పడతాయి. 50 కిలోహెర్ట్జ్ చేస్తే 115 చుట్టుపక్కల. ముందు వదులు ఫిల్టర్‌తో రేటు దించి, ఆ తర్వాతే బిగుతు ఫిల్టర్ పెట్టండి. డెసిమేషన్ ఆ ఫిల్టర్ బ్లాకులోనే ఇవ్వండి, పారేసే శాంపిల్స్‌కి లెక్క కట్టే పని తప్పుతుంది. డాంగిల్, సౌండ్ కార్డ్ లాంటి హార్డ్‌వేర్ ఏదీ లేకుండా ఫైల్ మీదే ప్రయోగాలు చేస్తుంటే థ్రాటిల్ బ్లాకు పెట్టండి, లేకపోతే ప్రాసెసర్ ఎంత వేగంగా పోగలిగితే అంత పోతుంది. హార్డ్‌వేర్ ఉంటే ఆ బ్లాకు తీసేయండి.

ఏ కోరూ నిండలేదు, అయినా ఆడియో తెగుతోందా? అన్నీ మూసేసి, ఆర్‌టీఎల్ టెస్ట్ (rtl_test) అనే చిన్న ప్రోగ్రాంని అదే రేటు మీద నడపండి. అది మాటిమాటికీ బైట్లు పోయాయని అరిస్తే తప్పు హబ్‌దో, కేబుల్‌దో. పోర్టు మార్చి చూడండి.

అన్నట్టు, మొదటి అరగంట బాగా మోగి ఆ తర్వాత తెగడం మొదలైతే సెట్టింగ్స్ జోలికి వెళ్లకండి. వేడెక్కి ప్రాసెసర్ తనంతట తానే నెమ్మదిస్తోంది. నేను వెనక మూత విప్పితే ఫ్యాన్ రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుని ఉంది.