ఇంట్లో నిలిపిన బండి: ఏ లక్షణం కనిపిస్తే ఏం చూడాలి?

రోజూ తిరిగే బైకు కంటే మూలన పడున్న బైకుకే రోగాలెక్కువ. నెలా రెండు నెలలు తీయలేమని తెలిసినప్పుడు చాలామంది చేసే పని, వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం. బండికి మేలు చేస్తున్నామనే అనుకుంటాం. కింద చెప్పే సమస్యల్లో కొన్నింటికి మూలం ఆ అలవాటే.

సెల్ఫ్ నొక్కితే టక్ టక్‌మంటోంది, ఇంజిన్ తిరగడం లేదు

ఆ చప్పుడు స్టార్టర్ రిలేది, అంటే సెల్ఫ్ మోటారుకు కరెంటు వదిలే స్విచ్చుది. రిలేని లాగే పాటి కరెంటు బ్యాటరీలో ఉంది, మోటారును తిప్పేంత లేదు. బండి ఆపిన కొన్ని గంటల తర్వాత మల్టీమీటర్‌తో చూడండి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే 12.6 వోల్టులు, ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4కి దిగితే ఛార్జింగ్ పెట్టాలి. 12 కంటే కిందకి పోయి వారాల తరబడి అలాగే ఉంటే లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా నిలవదు, మార్చక తప్పదు.

వోల్టేజి బాగానే ఉండీ టక్ టక్‌మంటే టెర్మినళ్లు చూడండి. బోల్టు వదులైనా, తెల్లటి పొడి పట్టినా ఇదే గోల. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు ముందు పాజిటివ్. వరస తప్పితే పాజిటివ్ దగ్గరున్న స్పానర్ ఫ్రేముకు తగిలి నిప్పులు ఎగురుతాయి.

ఛార్జర్ కరెంటు బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు ఉంటే చాలు. 5 ఆంపియర్ అవర్ బ్యాటరీకి అర ఆంపియర్. కారు ఛార్జర్ ఫుల్లుగా పెట్టేస్తే చిన్న బ్యాటరీ ఉడికిపోతుంది. ఛార్జ్ చేసిన నాలుగు రోజులకే మళ్లీ దిగిపోతుంటే, బయట బిగించిన అలారమో జీపీఎస్ ట్రాకరో లోపల్లోపల తాగేస్తోందేమో చూడాలి. బండి తీసే పని లేకపోతే నెగటివ్ వైరు విప్పేయండి. అప్పుడు ఆ అలారం కూడా పనిచేయదని మాత్రం గుర్తుంచుకోండి.

ఇక ఆ ఐదు నిమిషాల సంగతి. సెల్ఫ్ కొట్టడానికి పోయిన ఛార్జ్‌ని ఐడిల్‌లో, అంటే ఆక్సిలరేటర్ ఇవ్వకుండా, ఐదు నిమిషాలు తిరిగితే బ్యాటరీ పూర్తిగా రాబట్టుకోలేదు. వారం వారం ఇలా చేస్తే ఖాళీ చేస్తున్నట్టే. తీస్తే అరగంట తిప్పండి, లేదా అసలు ముట్టుకోకండి.

ఆయిల్ అద్దంలో మీగడలా తెల్లగా కనిపిస్తోంది

ఇదీ ఆ అలవాటు ఫలితమే. ఇంజిన్లో పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. పూర్తిగా వేడెక్కితే అది బయటికి పోతుంది. మధ్యలో ఆపేస్తే చల్లబడి ఆయిల్లో కలుస్తుంది, సైలెన్సర్‌లోనూ నీరుగా నిలిచి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. అరగంట బాగా తిప్పితే మీగడ పోవాలి. పోకపోతే ఆయిల్ మార్చండి. నీళ్లతో చల్లబడే ఇంజిన్ అయి, కూలెంట్ మట్టం కూడా తగ్గుతుంటే ఇంజిన్ భాగాల మధ్య లీకు ఆపే గాస్కెట్ పోయిందేమో మెకానిక్‌తో చూపించాలి.

ఇంజిన్ తిరుగుతోంది, అంటుకోవడం లేదు

ముందు హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపడానికి ఉండే కిల్ స్విచ్ చూడండి. నవ్వకండి, నేను రెండుసార్లు ప్లగ్ విప్పాక చూసుకున్నాను.

తర్వాతి అనుమానం పెట్రోలు. నిలవ పెట్రోల్లో తేలికగా ఆవిరయ్యే భాగం పోయి, మిగిలింది జిగురులా మారుతుంది. పెట్రోలునీ గాలినీ కలిపే కార్బొరేటర్ ఉన్న బండిలో ఆ జిగురు జెట్లనే సన్నటి రంధ్రాలను మూసేస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలైతే తేమను కూడా పీల్చుకుంటుంది, శ్రుతి మించితే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగున వేరే పొరగా చేరతాయి. కార్బొరేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నెకుండే డ్రెయిన్ స్క్రూ విప్పి పాతది వదిలేసి, కొత్త పెట్రోలు పోసి చూడండి. అప్పటికీ కదలకపోతే జెట్లు విప్పి శుభ్రం చేయాల్సిందే.

ఈసారి నిలిపేటప్పుడు ట్యాంకు ఇనుపదైతే నిండుగా నింపండి. గాలి తక్కువుంటే లోపల చెమ్మ చేరదు. కార్బొరేటర్ బండికి ట్యాప్ కట్టేసి, ఇంజిన్ దానంతటది ఆగే దాకా నడపండి. కార్బొరేటర్ బదులు పంపుతో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ బండికి ఇలా చేయకండి. పంపు పెట్రోల్లో మునిగి ఉంటేనే దానికి క్షేమం.

గది తలుపు తీయగానే పెట్రోలు వాసన

కార్బొరేటర్ నిండగానే పెట్రోలును ఆపే ఫ్లోట్ సూది దగ్గర నలక పడితే ఓవర్‌ఫ్లో పైపులోంచి కారుతుంది. పైపు కూడా పగిలి ఉండొచ్చు. ముందు తలుపులు తీసి పెట్టండి, స్విచ్చులు వేయకండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది. ట్యాప్ కట్టేశాక మిగతా పని. మూసిన గదిలో ఇంజిన్ నడపడం కూడా ప్రాణం మీదికి తెచ్చుకోవడమే, పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

గేరు వేయగానే ఎగిరి ఆగిపోతోంది

క్లచ్ ప్లేట్లు అతుక్కున్నాయి. ఇంజిన్ వేడెక్కించి ఆపండి. గేర్లో వేసి, క్లచ్ పట్టుకుని బండిని ముందుకీ వెనక్కీ గట్టిగా ఊపితే చాలావరకు విడిపోతాయి.

బ్రేక్ డిస్క్ మీద సన్నటి ఎర్ర తుప్పు మామూలే, నెమ్మదిగా వెళ్తూ రెండు మూడుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. చైన్‌కి తుప్పు పడితే కిరోసిన్‌తో తుడిచి చైన్ లూబ్ వేయండి. చక్రం చేత్తోనే తిప్పాలి, ఇంజిన్‌తో తిప్పితే వేళ్లు పోతాయి. టైరు గాలి నెలకోసారి చూడండి. సెంటర్ స్టాండ్ ఉంటే దాని మీదే నిలపండి.

కవర్ వేసినా తుప్పు

కవర్ వల్లే. తడి బండి మీద, లేదా వేడి తగ్గకముందే ప్లాస్టిక్ కవర్ కప్పితే చెమ్మ లోపలే ఉండిపోతుంది. గాలి ఆడే గుడ్డ కవర్ వాడండి. పాతికేళ్ల దుప్పటైనా ప్లాస్టిక్ కంటే నయం.

బండి స్టార్టయినా ఊపిరాడనట్టు నడుస్తుంటే ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరవండి. ఎలుక గూడు కట్టి ఉండొచ్చు. వైర్లు కొరికిందేమో సీటు కింద కూడా చూడండి.

పొద్దున చూస్తే బండి కాస్త జరిగి ఉంది, తాళం మీద గీతలు

ఇంట్లో ఎవరూ కదపకపోతే రాత్రి ఎవరో పరీక్షించి వెళ్లారనుకోండి. హ్యాండిల్ లాక్‌ని గట్టిగా గుంజితే విరిగిపోతుంది, దాని మీద భరోసా వద్దు. గొలుసు వేసినా ముందు చక్రానికి వేస్తే చక్రం వదిలేసి మిగతాది మోసుకుపోతారు. వెనక చక్రం, ఫ్రేమూ కలిపి, నేలలోగాని గోడలోగాని కాంక్రీటులో దిగిన కొక్కేనికి వేయండి. ఇటుకల మధ్య సిమెంటులో దిగ్గొట్టింది గునపానికి ఆగదు. గొలుసు నేలకు ఆనకూడదు. కట్టర్ ఒక పిడిని నేలకు ఆనించి, రెండోదాని మీద ఒళ్లంతా బరువేసి తుంచేస్తారు.

డిస్క్ లాక్ మంచిదే, కానీ ఒకసారి అది వేసిన సంగతి మరిచి బండి తీశాను. రెండడుగులు కదిలి, డిస్క్‌ని పట్టుకునే బ్రేకు భాగం కాలిపర్‌కి కొట్టుకుంది, నేనూ బండీ పక్కకి ఒరిగాం. ఇప్పుడు తాళం వేయగానే హ్యాండిల్‌కి ఎర్ర గుడ్డ కడతాను.

తాళం తిరగకపోతే ఇంజిన్ ఆయిల్ పోయకండి, దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. గ్రాఫైట్ పొడి వేసి తాళం చెవిని లోపలికీ బయటికీ ఆడించండి. ఆ చెవి కూడా గుమ్మం పక్కన మేకుకి వేలాడదీయకండి. కిటికీలోంచి కర్రతో అందేంత దగ్గరలో ఉంటే గొలుసు ఎంత లావుదైనా దండగే.