అందరూ వాడే సర్వర్‌లో టెంప్ డైరెక్టరీ: లేబుల్ ఎక్కడిదాకా కాపాడుతుంది, ఆ తర్వాత ఏం చెయ్యాలి

మా డిపార్ట్‌మెంట్ సర్వర్ రాకీ లినక్స్ మీద నడుస్తుంది. బీటెక్, ఎంటెక్ పిల్లలు, పీహెచ్‌డీ స్కాలర్లు అందరూ ఎస్‌ఎస్‌హెచ్‌తో అదే మెషీన్‌లోకి వస్తారు. తాత్కాలిక ఫైళ్లు పెట్టుకునే డైరెక్టరీ అందరికీ కలిపి ఒకటే, స్లాష్ టీఎంపీ. నోటితో మాత్రం టెంప్ అంటాం. దాని పర్మిషన్ 1777. ఎవరైనా రాయొచ్చు, స్టికీ బిట్ ఉంది గనుక ఇంకొకరి ఫైల్‌ని తీసెయ్యలేరు. కానీ ఫైళ్ల పేర్లు అందరికీ కనిపిస్తాయి. యూమాస్క్ (కొత్త ఫైళ్లకి ఏ పర్మిషన్లు రాకూడదో చెప్పే సెట్టింగ్) బిగించుకోని వాళ్ల ఫైళ్లయితే తెరిచి చదువుకోవచ్చు కూడా.

"ఎస్‌ఈలినక్స్ ఆన్‌లోనే ఉంది కదా మేడమ్, ఇంకేం భయం?" అని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. ఎస్‌ఈలినక్స్ అంటే ప్రతి ఫైల్‌కీ ప్రాసెస్‌కీ ఒక లేబుల్ వేసి, ఏ ప్రాసెస్ ఏ ఫైల్‌ని ముట్టుకోవచ్చో పాలసీ అనే నియమాల ప్రకారం తేల్చే లినక్స్ కాపలా. వాళ్లకి ల్యాబ్‌లో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. కమాండ్లు పలికేటట్టే రాశాను, టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాలే కొట్టండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాను.

ముందు లేబుల్ చూడండి. ఎల్‌ఎస్‌కి మైనస్ డీ, పెద్ద జెడ్ ఇచ్చి టెంప్ పేరు కొట్టండి. కోలన్లతో విడదీసిన నాలుగు ముక్కలు వస్తాయి. మనకు కావాల్సింది మూడోది, టైప్. డైరెక్టరీకి అది టీఎంపీ అండర్‌స్కోర్ టీ. ఇప్పుడు లోపల ఒక ఫైల్ సృష్టించి దాని లేబుల్ చూడండి: యూజర్ టీఎంపీ టీ. అదే చోట అపాచీ వెబ్‌సర్వర్ ఫైల్ సృష్టిస్తే హెచ్‌టీటీపీడీ టీఎంపీ టీ. ఈ పేర్లన్నిట్లో మాటకీ మాటకీ మధ్య అండర్‌స్కోర్ ఉంటుంది. లేబుల్ మనం పెట్టలేదు. ఫైల్‌ని ఏ ప్రాసెస్ పుట్టించిందో చూసి పాలసీయే ఇస్తుంది. అందుకే వెబ్‌సర్వర్‌లోకి ఎవరైనా చొరబడినా, టెంప్‌లో మీరు పెట్టుకున్న ఫైల్ చదవబోతే మామూలుగా అడ్డం పడుతుంది.

అయితే టార్గెటెడ్ పాలసీలో (ముఖ్యంగా సర్వీసుల్నే కట్టడి చేసే మామూలు పాలసీ ఇది) లాగిన్ అయిన వాళ్లందరూ మామూలుగా అన్‌కన్‌ఫైన్డ్ డొమైన్‌లోనే, అంటే కట్టడి లేని ప్రాసెస్ టైప్‌లోనే ఉంటారు. వాళ్ల ఫైళ్లన్నిటికీ అదే టైప్. రవి ఫైల్‌కీ లక్ష్మి ఫైల్‌కీ లేబుల్‌లో తేడా ఏమీ లేదు. సర్వీసు నుంచి మనిషిని కాపాడుతుంది గానీ, మనిషి నుంచి మనిషిని కాపాడదు. దానికి వేరే ఏర్పాటు ఉంది, దాని సంగతికి వస్తాను.

అంతకన్నా ముందు, నా దగ్గరికి ఎక్కువగా వచ్చే కంప్లైంట్. టెంప్‌లో తయారుచేసిన ప్రాజెక్ట్ పేజీని ఎంవీతో వెబ్ డైరెక్టరీకి పంపుతారు, బ్రౌజర్‌లో 403 (అనుమతి లేదు) వస్తుంది. వెంటనే ఎవరైనా చదివి రాసేలా 777 పెట్టేస్తారు, అయినా 403. ఎంవీతో వెళ్లిన ఫైల్ పుట్టింటి పేరు మార్చుకోదు, యూజర్ టీఎంపీ టీగానే ఉండిపోతుంది. సీపీ చేస్తే కొత్త చోటి లేబుల్ వస్తుంది. ఇప్పటికే ఎంవీ చేసేసి ఉంటే, ఆ ఫైల్ మీద రీస్టోర్‌కాన్ మైనస్ వీ నడపండి చాలు, ఆ చోటికి పాలసీ చెప్పే లేబుల్‌ని అది వేస్తుంది. ఆ 777 కూడా వెనక్కి తీసెయ్యండి, దయచేసి. ఇదే రీస్టోర్‌కాన్‌ని టెంప్ లోపలి ఫైళ్ల మీద నడిపితే మాత్రం ఏమీ మారదు. అక్కడి ఫైళ్లకి పాలసీలో డిఫాల్ట్ లేబుల్ అంటూ లేదు.

టెంప్‌కి కొత్త పార్టిషన్ ఇస్తే మౌంట్ చేశాక రెండు పనులు: 1777 పెట్టడం, డైరెక్టరీ మీద రీస్టోర్‌కాన్ నడపడం. మౌంట్ ఆప్షన్లలో కాంటెక్స్ట్ అన్నది మాత్రం టెంప్‌కి వాడకండి. లోపల పుట్టే ప్రతి ఫైల్‌కీ ఒకే లేబుల్ పడుతుంది, అపాచీకీ మనకీ ఉన్న తేడా కాస్తా పోతుంది. టీఎంపీఎఫ్‌ఎస్ (మెమరీలో ఉండే ఫైల్‌సిస్టమ్) వేసి లేబుల్ చెప్పాల్సి వస్తే రూట్‌కాంటెక్స్ట్ వాడండి, అది పై డైరెక్టరీకి మాత్రమే లేబుల్ వేస్తుంది.

ఇక మనిషికీ మనిషికీ మధ్య గోడ. పామ్ అంటే లాగిన్‌ని చూసుకునే లినక్స్ ఏర్పాటు, అందులో పామ్ నేమ్‌స్పేస్ అనే మాడ్యూల్ ఈ పని చేస్తుంది. లాగిన్ అయిన ప్రతివాళ్లకీ సొంత డైరెక్టరీ ఒకటి సృష్టించి, వాళ్ల సెషన్‌లో దాన్నే టెంప్‌గా మౌంట్ చేస్తుంది. మొదలుపెట్టే ముందు రూట్ సెషన్ ఒకటి తెరిచి, పని అయ్యేదాకా మూయకండి. కాన్ఫిగ్‌లో తేడా వస్తే లాగిన్‌లే ఆగిపోతాయి.

రూట్ డైరెక్టరీ (స్లాష్) కింద టీఎంపీ హైఫన్ ఐఎన్‌ఎస్‌టీ అనే డైరెక్టరీని 000 పర్మిషన్‌తో సృష్టించండి. ఓనర్ రూట్ యూజరే. ఇంకేదైనా పర్మిషన్ పెడితే మాడ్యూల్ ఒప్పుకోదు. తర్వాత లేబుల్ మార్చే సీహెచ్‌కాన్‌కి రెండు హైఫన్లతో రిఫరెన్స్ ఆప్షన్ ఇచ్చి, టెంప్ లేబులే దీనికీ వెయ్యండి.

ఈటీసీ కింద సెక్యూరిటీలో నేమ్‌స్పేస్ డాట్ కాన్ఫ్ తెరిస్తే టెంప్ లైన్ కామెంట్‌లో కనిపిస్తుంది. హ్యాష్ తీసెయ్యండి. అందులో నాలుగు భాగాలు: టెంప్ పేరు, ఇందాకటి డైరెక్టరీ, పద్ధతి, మినహాయింపు ఉన్నవాళ్లు. రెండో భాగం చివర స్లాష్ తప్పనిసరి. అది పోతే యూజర్ పేరు దానికే అతుక్కుపోయి, డైరెక్టరీలు నేరుగా రూట్ డైరెక్టరీ కింద పుడతాయి. పద్ధతి దగ్గర లెవెల్ అని ఉంటుంది. అది ఎంఎల్‌ఎస్ (రహస్య స్థాయిలను బట్టి మనుషుల్నీ ఫైళ్లనీ విడదీసే) పాలసీకి పనికొచ్చేది. రహస్య స్థాయిలో ఉన్న ఫైల్ పేరు కూడా కింది స్థాయివాళ్లకి తెలియకూడదనే చోట్ల అది కావాలి. కాలేజీకి యూజర్ అని మార్చుకుంటే సరిపోతుంది. మినహాయింపుల్లో రూట్ పేరు అలాగే ఉంచండి. వార్ కింది టెంప్‌కీ ఇదే వరస, దాన్ని వదిలేస్తే సగం పనే అయినట్టు.

తర్వాత సెట్‌ఎస్‌ఈబూల్‌కి మైనస్ పెద్ద పీ ఇచ్చి, పాలీఇన్‌స్టాన్షియేషన్ అండర్‌స్కోర్ ఎనేబుల్డ్ అన్న బూలియన్‌ని (పాలసీలోని స్విచ్‌ని) ఆన్ చెయ్యండి. పామ్ డాట్ డీలోని ఎస్‌ఎస్‌హెచ్‌డీ ఫైల్‌లో పామ్ నేమ్‌స్పేస్ లైన్ ఉందో లేదో గ్రెప్‌తో చూడండి. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఉంటుంది.

రెండు అకౌంట్లతో లాగిన్ అయి, ఒక దాంట్లో ఫైల్ సృష్టించి రెండో దాంట్లో వెతకండి. కనిపించకూడదు. ఫైండ్‌మౌంట్‌కి టెంప్ పేరు ఇస్తే అది నిజంగా ఏ డైరెక్టరీయో చూపిస్తుంది. లాగిన్ తిరస్కరిస్తే, ఏయూసెర్చ్‌కి మైనస్ ఎం, పెద్ద అక్షరాల్లో ఏవీసీ ఇచ్చి, ఎస్‌ఈలినక్స్ అడ్డుకున్నవాటి రికార్డు చూడండి. లేబుల్ గొడవైతే అక్కడ దొరుకుతుంది.

అందరికీ ముందే చెప్పండి, లేకపోతే ఫోన్లు మోగుతూనే ఉంటాయి. టీమక్స్ (లాగౌట్ అయినా టెర్మినల్‌ని నడుపుతూ ఉంచే ప్రోగ్రామ్) సాకెట్ టెంప్‌లోనే ఉంటుంది గనుక, పాత సెషన్లు కొత్త లాగిన్‌కి దొరకవు. క్రాన్ (టైమ్ ప్రకారం పనులు నడిపేది) పామ్ ఫైల్‌లో పామ్ నేమ్‌స్పేస్ లైన్ లేకపోతే క్రాన్ జాబ్ రాసిన ఫైల్ పాత ఉమ్మడి టెంప్‌లోకే వెళ్తుంది, లాగిన్ అయినవాళ్లకి కనిపించదు. గ్రూప్ ప్రాజెక్టు ఫైళ్లు టెంప్ ద్వారా ఇచ్చిపుచ్చుకునే అలవాటుంటే వాళ్లకి సెట్‌జీఐడీ (లోపలి కొత్త ఫైళ్లకి ఆ డైరెక్టరీ గ్రూపే వచ్చేలా చేసే బిట్) పెట్టిన షేర్డ్ డైరెక్టరీ ఒకటి ఇవ్వండి. సిస్టమ్‌డీ టెంప్‌ని 10 రోజులకి శుభ్రం చేసే రూలు ఈ కొత్త డైరెక్టరీలకి వర్తించదు. టీఎంపీఫైల్స్ డాట్ డీలో చిన్న ఈ టైప్‌తో, వాటి పేర్లకి స్టార్ పెట్టి, మనమే ఒక లైన్ రాయాలి.